ఉడికే ఇంజినూ వణికే కోడిపిల్లలూ

మీ ఇంట్లో వసారాకో వంటింటికో నీలంగా, నున్నగా ఉండే బండలు పరిచి ఉంటే, మీరు తాండూరు వెళ్ళకపోయినా తాండూరు మీ ఇంటికి వచ్చినట్టే. ఆ బండల ఊరికి మొన్న జనవరిలో వెళ్ళొచ్చాను. హైదరాబాదులో తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి చేరిపోయే దారి. నాకు రెండు రోజులు పట్టింది. దారిలో చూసిన వింతలు రాయమని మిత్రులు అడుగుతున్నారు. వింతలకేం, ఉన్నాయి. కానీ ఇది సరదా ప్రయాణం కాదని ముందే చెబుతున్నాను. కాసేపు నవ్వుకుందామని చదివేవాళ్ళు ఇక్కడే ఆపేసినా నేనేమీ అనుకోను.

నాకు మధిరలో ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళకి లైట్లూ స్టాండ్లూ మోసుకెళ్ళడానికి ఒక పాత విదేశీ వ్యాను కొనుక్కున్నాను. ఎవరో దొరగారు దేశం వదిలి వెళ్తూ అమ్మేస్తే, నాలుగు చేతులు మారి నా దగ్గరికొచ్చింది. దానికో ప్రత్యేకత ఉంది. లోపల హీటర్ ఉంది. మీట లాగితే కాళ్ళ దగ్గర్నుంచి వెచ్చటి గాలి వస్తుంది. మధిర ఎండల్లో బతికేవాడికి హీటరేమిట్రా అని ఊరంతా ఎగతాళి చేసింది. అయినా దాని మీద నాకు మహా మురిపెం. స్టూడియోకి వచ్చినవాళ్ళకి కూడా మీట లాగి చూపించేవాణ్ణి.

మా అక్క సుభద్రని తాండూరు ఇచ్చి పద్నాలుగేళ్ళయింది. బావ బండలు పాలిష్ పట్టే చోట పనిచేసేవాడు. ఆ పొడి ఛాతీలో చేరి, ఇప్పుడు నాలుగడుగులు వేస్తే దగ్గు. మళ్ళీ మిషను దగ్గరికి వెళ్తే ప్రాణానికి పూచీ లేదని డాక్టరు చెప్పేశాడు. అక్క ఉన్న రెండు బర్రెలూ అమ్మి, ఇంటి వెనక కోళ్ళ షెడ్డు వేయించింది. హైదరాబాదు దగ్గర ఒక కోళ్ళ ఫారంలో మూడు వందల పిల్లలకి పేరు రాయించుకుంటే, ఆమె వంతు సరిగ్గా జనవరిలో వచ్చింది. ఇప్పుడు వద్దంటే మళ్ళీ ఎప్పటికో. ఒక్కరోజు పిల్లలు. చలికి తట్టుకోలేవు. అక్క ఉత్తరంలో ఒకటే మాట రాసింది: "నీ బండిలో వేడిగాలి వస్తుందన్నావు కదరా, తీసుకురా."

ఆ ఇంటికి ఇక మిగిలిన ఆధారం ఆ మూడు వందల పిల్లలు. అది నాకు బాగా తెలిసే బయల్దేరాను.

మొదటి రోజు: చేవెళ్ళలో పసుపు

ఫారం మనిషి ఆరు అట్టపెట్టెలు ఇచ్చాడు. పక్కల గుండ్రటి చిల్లులు. పెట్టెకి యాభై. "రెండు రోజుల దాకా మేత అక్కర్లేదు. వేడి ఒక్కటే చూసుకోండి. చలేస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అట్లా ఎక్కనియ్యకండి" అన్నాడు. ముందు సీటు వెనక పెట్టెలు సర్ది, ముందురోజే తాండూరు నుంచి వచ్చిన అక్కని పక్కన కూర్చోబెట్టుకుని హీటర్ మీట లాగాను. వెచ్చటి గాలి వచ్చింది. కీచుకీచుమంటున్న పిల్లలు అయిదు నిమిషాల్లో సర్దుకున్నాయి.

అక్క నవ్వింది. ఆ నవ్వు చూసి చాలా ఏళ్ళయింది. "జర పైలంగ నడుపు తమ్మీ" అంది.

"తమ్మీ ఏమిటే! మధిరలో పుట్టి, తమ్ముడూ అనడం మరిచిపోయావా?"

"పద్నాలుగేండ్లాయె. నోరు గూడ తాండూరుదే అయింది."

చేవెళ్ళలో టీ తాగడానికి ఆగాం. ముప్ఫై పైసలకి చిన్న కప్పు, కింద సాసరు. ఇక్కడివాళ్ళు టీని సాసరులోకి వంచి, ఊదుకుని జుర్రుతారు. కప్పుతోనే తాగుతున్న నన్ను టీకొట్టాయన వింతగా చూశాడు. నేనూ వంచబోయి సగం చొక్కా మీద పోసుకున్నాను. తుడుచుకుంటూ బండి వైపు చూస్తే, ముక్కు కింద నేలంతా తడి. రేడియేటర్‌లోంచి బొట్టు బొట్టుగా నీళ్ళు కారుతున్నాయి.

మా వైపు విజయవాడ రోడ్డు మీద లారీవాళ్ళకి దీనికో మందుంది. రేడియేటర్ కారితే పసుపు పోస్తారు. పసుపు నీళ్ళలో ఉబ్బి, ప్రవాహంతో పోయి చిల్లులో కూరుకుంటుంది. పెళ్ళిళ్ళకి తిరుగుతూ ఎన్నిసార్లు చూశానో. కొత్త షెడ్డు గడపకి రాయడానికని అక్క సంచిలో పసుపు పొట్లం పెట్టుకుంది. అడిగితే మారుమాట లేకుండా ఇచ్చింది. లారీవాళ్ళు ఒక గుప్పెడు పోస్తారు. మూడు వందల ప్రాణాలున్నాయి కదా, ఎందుకైనా మంచిదని నేను రెండు గుప్పెళ్ళు పోశాను.

పది నిమిషాల్లో బొట్టు ఆగిపోయింది. టీకొట్టు దగ్గరున్నవాళ్ళు "వా సాబ్, వా!" అన్నారు. నిజం చెప్పొద్దూ, ఛాతీ ఉబ్బింది. అక్క కూడా చుట్టూ ఉన్నవాళ్ళతో "మా తమ్ముడే" అని చెప్పింది.

మన్నెగూడ దగ్గర ఒక ప్రశ్న

చేవెళ్ళ వదిలాక అరగంటకి అక్క పాదాలు ముడుచుకుంది. "గాలి సల్లగ వస్తుంది" అంది. చెయ్యి పెట్టి చూశాను. నిజమే. మీట లాగాను, నెట్టాను, కొట్టాను. ఫ్యాను బాగానే తిరుగుతోంది కానీ వచ్చేది బయటి చలిగాలే. ఆ తంటాలో ఉండగానే ముందున్న వేడి సూది ఎర్రగీత మీదికెక్కింది. బండి ముక్కులోంచి ఆవిరి.

ఇంజిన్ ఉడుకుతోంది, లోపల పిల్లలు వణుకుతున్నాయి. ఇవి రెండూ రెండు వేరువేరు జబ్బులనుకున్నాను. వేడెక్కిన ఇంజిన్‌కి చల్లటి నీళ్ళు పోయాలి. చల్లబడిన హీటర్‌కి వైర్లు చూడాలి. ఇదే నా వైద్యం. రోడ్డు పక్కన ఆపి డాష్‌బోర్డు కింద దూరి, ఉన్న వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టాను. ఆ తర్వాత ఆగలేక రేడియేటర్ మూత తిప్పాను. మరుగుతున్న నీళ్ళు ఎగజిమ్మి మణికట్టు కాలింది.

కళ్ళంలో కంది కట్టె కొడుతున్న ఒకావిడ చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతి మీద పోసింది. ఆ ఊళ్ళో రోడ్డే సగం కళ్ళం. కంది కట్టె రోడ్డు మీద పరిచేసి, వచ్చేపోయే బస్సుల్ని తొక్కనిస్తారు. మా వైపు వరి కుప్పలైతే ఇలా చేస్తే పోలీసులొస్తారు. ఆవిడ మా ఇద్దరి చేతుల్లో అనపకాయ గుడాలు పోసింది. ఉప్పేసి ఉడికించిన గింజలు, వేడివేడిగా. తింటుంటే పెట్టెల్లోంచి గోల మొదలైంది.

"బండి లోపట ఏందక్కా, గంతగనం ఒర్రుతున్నయి?" అని అడిగింది.

"కోడిపిల్లలు" అంది అక్క.

"గన్ని పిల్లలా! తల్లి ఏది మరి?"

"తల్లి లేదు. మిషన్ల పుట్టినయి."

ఆవిడ చేతిలో కట్టె పక్కన పెట్టి పెట్టెల వైపే చూసింది. "తల్లి లేకుంటే గీ చలిల రెక్కల కింద ఎవలు పెట్టుకుంటరు?" అంది.

నా జవాబు హీటర్. అది చచ్చిపోయింది.

వికారాబాద్‌లో ఖాజా మియా

రెండు మైళ్ళకోసారి ఆగి, కనబడిన బావిలోనల్లా నీళ్ళు తోడి పోసుకుంటూ వికారాబాద్ చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. అనంతగిరి గుట్టల మీంచి దిగే గాలి ఆ ఊళ్ళో మధ్యాహ్నం కూడా ఒంట్లోకి దూరుతుంది. ఛాతీ జబ్బులవాళ్ళకి ఈ గాలి మంచిదని ఎక్కడెక్కడినుంచో వస్తారట. మంచిదేమో. ఆ రోజు మాత్రం ఆ గాలిని నోరారా తిట్టుకున్నాను.

రైలు స్టేషను దారిలో ఖాజా మియా షెడ్డు చూపించారు. అరవై దాటిన మనిషి. హెన్నా పెట్టిన గడ్డం. బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ ఎత్తి, పనిముట్టు ఒక్కటీ ముట్టుకోకుండా నా కుడిచెయ్యి పట్టుకుని ఇంజిన్ నుంచి హీటర్‌కి వెళ్ళే గొట్టం మీద పెట్టాడు.

"కాల్తుందా?"

"కాలుతోంది."

"గిప్పుడు గీ రెండోది పట్టు."

అది హీటర్ నుంచి తిరిగి ఇంజిన్‌కి వచ్చే గొట్టం. మంచినీళ్ళ కుండలా చల్లగా ఉంది.

"ఇంజిన్ల కాగిన నీళ్ళే గా హీటర్లకు పోవాలె సాబ్. హీటర్లకెళ్ళి తిరిగి రావాలె. పోయినయి, రాలే. నడుమ ఏదో అడ్డం పడ్డది. రేడియేటర్ల గూడ గట్లనే. మీద కాల్తుంది, కింద సల్లగుంది. నీ బండికి రెండు బీమార్లు లెవ్వు. ఒక్కటే."

హీటరంటే వేరే పొయ్యి ఏదో లోపల ఉంటుందనుకునేవాణ్ణి ఇన్నేళ్ళూ. ఇంజిన్ విడిచిన వేడినే సన్న గొట్టాల్లో లోపలికి తెస్తారని అప్పుడు తెలిసింది. అయిదేళ్ళు మురిసిపోయిన వస్తువు ఎలా పనిచేస్తుందో నాకు తెలియదు.

ఖాజా మియా చల్లటి గొట్టం ఊడదీశాడు. పచ్చటి ముద్ద జారి చేతిలో పడింది. వాసన చూశాడు. అక్క అక్కడే, పెట్టెల మూతలు సందు చేసి లోపల చేతులు పెట్టి పిల్లల్ని విడదీస్తోంది. ఆయన ఆమె వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి ఉర్దూలో అడిగాడు. "ఇత్తీ హల్దీ కైకు డాలే సాబ్?" ఇంత పసుపు ఎందుకు పోశావని. ఆడమనిషి ముందు నా పరువు తియ్యకూడదని ఆ పెద్దమనిషి ఉద్దేశం. నాకొచ్చిన స్కూలు హిందీతో అర్థమైంది. నేనూ గొంతు తగ్గించి, లీకు ఆపడానికి, లారీలకి పోస్తాం కదా అన్నాను.

వెనకనుంచి అక్క, తల తిప్పకుండానే, "హల్దీ మేరీచ్ థీ భాయ్, మైచ్ దీ" అంది. పసుపు నాదే, నేనే ఇచ్చాను అని.

పద్నాలుగేళ్ళు తాండూరులో ఉన్న మనిషికి ఉర్దూ రాదని నేనెలా అనుకున్నానో! తల ఎత్తలేకపోయాను.

ఖాజా మియా నిట్టూర్చాడు. "నువ్వు చేసింది గలత్ కాదు సాబ్. లారీకి పోస్తరు, నేను గూడ పోసిన. గని లారీల హీటర్ ఉండది. గీ దేశంల ఏ బండికి ఉన్నది హీటర్? హీటర్ల నాళాలు సేమియా అంత సన్నగుంటయి. హల్దీ ముందుగాల గవిట్లనే కూసుంటది. చిల్లు మూసింది, నాళాలు గూడ మూసింది."

చీకటి పడేదాకా ఆయన రేడియేటర్‌ని వెనకవైపు నుంచి నీళ్ళతో కొట్టాడు. పచ్చటి నీళ్ళు షెడ్డు ముందంతా పారాయి. సగం తెరుచుకుంది. హీటర్ మాత్రం తెరుచుకోలేదు. అలాంటిది హైదరాబాదులోనూ దొరకదన్నాడు. ఆ రెండు గొట్టాలనీ ఒకదానికొకటి కలిపేసి, నీళ్ళు హీటర్ వైపు పోకుండా చేశాడు. బండి నడుస్తుంది, లోపలికి వేడి రాదు.

ఆ రాత్రి పిల్లలు బతికింది ఖాజా మియా భార్య వల్ల. ఆవిడ పెట్టెలన్నీ తన వంటింట్లో పెట్టించి, కుంపట్లో బొగ్గులు వేసి, పొగ తగలకుండా దాన్ని గుమ్మం దగ్గర ఉంచింది. మాకు జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పెట్టింది. మా మధిరలో జొన్నరొట్టె అంటే ఒంట్లో బాగోలేనివాళ్ళ తిండి. ఇక్కడ అదే అన్నం. నేను తుంచలేక రెండు చేతులతో పీకుతుంటే ఆవిడ ముసుగులో నవ్వుకుంది. తెల్లారి లెక్కపెడితే ఏడు పోయాయి. మిగతావన్నీ కుదురుగా ఉన్నాయి.

రెండో రోజు: రైలా, బండా

ఇక్కడినుంచి రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

వికారాబాద్ జంక్షను నుంచి తాండూరుకి పది గంటలకి పాసింజరు ఉంది. పొద్దున ఆరుకే అక్క ఆ మాట ఎత్తింది. "రైల్ల పోదాం తమ్మీ. పొద్దెక్కుతది. రైలు డబ్బ నిండ మనుషులుంటరు, ఎచ్చగుంటది."

ఖాజా మియా కూడా అదే అన్నాడు. "బండి నా తాన ఇడ్సిపెట్టు. ఎక్కడికి పోదు. పిల్లగాండ్లను రైలెక్కించు."

నేను వద్దన్నాను. కోడిపిల్లల్ని డబ్బాలోకి రానివ్వరన్నాను. అడిగి చూడలేదు, ఊరికే అన్నాను. బండి వదిలేస్తే ఎప్పుడొచ్చి తీసుకెళ్ళేది అన్నాను. అవన్నీ సాకులు. అసలు సంగతి, నా బండిలో తెస్తానని బావకి ఉత్తరం రాశాను. రైల్లోంచి అట్టపెట్టెలు మోసుకుంటూ దిగితే ఆ ఉత్తరం ఏమైపోతుంది? ఇంత చిన్న సంగతి. దాని కోసమే.

"అట్లయితే పొద్దెక్కినంక పోదాం. జర ఎండ రానియ్యి" అంది అక్క.

దానికీ ఒప్పుకోలేదు. రేడియేటర్ ఇంకా సగమే తెరుచుకుంది. ఎదురుగా అనంతగిరి ఎక్కుడు. ఎండలో ఎక్కితే మళ్ళీ ఉడికిపోతుంది. చలి ఉండగానే గుట్ట దాటాలన్నాను. ఇంజిన్‌కి చలి కావాలి, పిల్లలకి వేడి కావాలి. రెండిట్లో నేను ఇంజిన్ పక్షాన నిలబడ్డాను. అప్పుడు నాకు అది తెలివైన మాటలాగే ఉంది.

అక్క, ఖాజా మియా భార్య ఇచ్చిన బొంత పెట్టెల మీద కప్పి ఎక్కి కూర్చుంది.

అనంతగిరి ఎక్కుతూ

గుట్ట మీద అడవి, మలుపులు, పొగమంచు. మిత్రులు తప్పకుండా చూడమన్న చోటు అదే. నేను చూసింది వేడి సూదిని. అది నడుమ దగ్గర నిలబడి ఉంటే సంతోషపడ్డాను. నా వైపు అద్దం సగమే పైకి లేస్తుంది. ఆ సందులోంచి వచ్చే గాలికి చేతివేళ్ళు స్టీరింగ్ మీద కొయ్యబారిపోయాయి. వెనక దాదాపు మూడు వందల గొంతులూ ఒక్కసారిగా అరుస్తున్నాయి. అక్క వెనక్కి తిరిగి, మోకాళ్ళ మీద నిలబడి, బొంత సర్దుతూనే ఉంది.

ఎక్కుడు నిటారుగా ఉన్నచోట పెట్టెలు వెనక్కి జారాయి. ఆపి సర్దుదాం అంది అక్క. ఎక్కుడులో ఆపితే మళ్ళీ లాగదని, పైకెక్కాక ఆపుతానన్నాను.

పైకెక్కేసరికి అరుపులు తగ్గాయి. తర్వాత దాదాపు ఆగిపోయాయి. "చూశావా, బొంత వేడికి పడుకున్నాయి" అన్నాను. నాకు నిజంగానే ప్రాణం లేచొచ్చింది. సూది నడుమే ఉంది, పిల్లలు నిద్రపోతున్నాయి, దిగుడు మొదలైంది. ఇక ఆపడమెందుకని పోనిచ్చాను. ఈల కూడా వేశాను. అక్క ముఖం నేను చూడలేదు.

ధారూరు దగ్గర గొంగడి

ధారూరుకి కాస్త ఇవతల గొర్రెల మంద రోడ్డుకడ్డం వస్తే ఆగాల్సి వచ్చింది. మందని తోలుకొస్తున్న ముసలాయన తల మీంచి నల్లటి గొంగడి కప్పుకున్నాడు. మల్లయ్యట పేరు. దాని మడతలోంచి అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల మూతి కనిపిస్తోంది. నడవలేని పిల్లని అలా ఒంటికి ఆనించుకుని మోస్తారు వీళ్ళు. బండి దగ్గరికొచ్చి లోపలికి తొంగి చూశాడు.

"ఏం తీస్కపోతున్నరు?"

"కోడిపిల్లలు. మూడు వందలు" అన్నాను, కాస్త గొప్పగా.

"సప్పుడు లేదేంది మరి?"

అక్క అప్పటికే బొంత లాగేసింది. మొదటి పెట్టె మూత తీసింది.

పెట్టెలో మూడు వంతులు ఖాళీ. పిల్లలన్నీ వెనక మూలకి చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఒకటే పచ్చటి కుప్ప. పైన రెండు మూడు కదులుతున్నాయి. అక్క ఆ కుప్పలో చెయ్యి పెట్టి విడదీసింది. కిందివి అణిగిపోయి ఉన్నాయి. మెడలు వాలిపోయి, తడిగా. చలికి పోలేదు అవి. వెచ్చదనం కోసం మీదికెక్కినవాటి బరువుకి, ఊపిరాడక పోయాయి. ఆరు పెట్టెలూ అంతే.

ఫారం మనిషి చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఎక్కనియ్యకండి అని.

మల్లయ్య గొర్రెపిల్లని నా చేతిలో పెట్టి, గొంగడి విప్పి అక్క భుజాల మీద కప్పాడు. కదులుతున్న పిల్లల్ని ఒక్కొక్కటే ఏరి అక్క ఒళ్ళో, చీర కుచ్చిళ్ళలో వేశాడు. ఎండుపుల్లలు తెచ్చి రోడ్డు పక్కన మంట వేశాడు. నేను గొర్రెపిల్లని పట్టుకుని నిలబడ్డాను. దాని గుండె నా చేతికి కొట్టుకుంటోంది. ఆ వేడి భరించలేకపోయాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. దాచుకోవడం చేతకాలేదు.

బతికినవి అరవై దాకా ఉన్నాయి. చచ్చినవాటిని మల్లయ్యే చెలకలో గుంట తీసి పూడ్చాడు. గొంగడి తిరిగి ఇవ్వబోతే, "ఇంటికి పోయేదాంక ఉండనియ్యి బిడ్డా" అన్నాడు అక్కతో. ఒంటి మీద ఉన్న ఒకే ఒక్క గొంగడి అది.

అక్కడినుంచి తాండూరు దాకా అక్క ఒళ్ళు కదపలేదు. నన్ను తిట్టి ఉంటే ఆ దారి కాస్త సులువుగా గడిచేది.

తాండూరు

తాండూరులో అన్నీ బండలే. ఇంటి గోడలు బండలు, కప్పులు బండలు, పొలాల గట్ల మీద నిలబెట్టిన కంచె బండలు. మా వైపు ముళ్ళకంప వేసే చోట వీళ్ళు నాపరాయి పాతుతారు. వీధి పొడుగునా మిషన్ల కోత. తెల్లటి బురద కాలవల్లో పారుతుంది. మార్కెట్టులో కందుల బస్తాల మధ్య బషీరాబాద్ వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు కన్నడంలో బేరమాడుతున్నారు. ఇవన్నీ చూశాను. చూసినవి రాస్తున్నానే కానీ, ఆ పూట నాకేదీ మనసుకెక్కలేదు.

బావ గుమ్మంలోనే ఉన్నాడు. నిన్నటినుంచి అక్కడే ఉన్నాడని పక్కింటివాళ్ళు చెప్పారు. షెడ్డులో వరిపొట్టు పరిచి, బల్బులు వేలాడదీసి, మూకుళ్ళలో నీళ్ళు పోసి ఉంచాడు. దగ్గుతూనే ఆ పనంతా చేసుకున్నాడు. అక్క గొంగడి తెరిచి ఒళ్ళోంచి పిల్లల్ని బల్బు కింద దించింది. అంత పెద్ద షెడ్డులో అవి ఒక మూలకి సరిపోయాయి.

బావ ఇంకా పెట్టెల కోసం బండి వైపు చూస్తున్నాడు. "తక్కినయి ఏవి?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. మాట కూడబలుక్కుంటున్నాను. అంతలో అక్క అందుకుంది.

"సచ్చినయి. బండి ఖరాబయింది. రైల్ల పోదామని తమ్ముడు మస్తు చెప్పిండు. నేనే ఇనలే. జల్ది పోవాలె, జల్ది పోవాలె అని ఒర్రిన. పొద్దెక్కేదాంక ఆగుదామన్నడు, ఆగనియ్యలే."

బావ ఆమె వైపు తిరిగాడు. ఆయన మంచివాడు. అక్కని ఒక్క మాట అనడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు అన్నాడు. "ఎవని మాటన్న ఎన్నడన్న ఇన్నవా నువ్వు?" అని, దగ్గు తెర వచ్చి గోడ పట్టుకుని కూర్చున్నాడు. అక్క తల వంచుకుని నీళ్ళు తెచ్చింది. ఆయన ఆ గ్లాసు తీసుకోలేదు.

కాసేపటికి నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ తప్పేం లేదు బామ్మర్దీ. గంత దూరంకెళ్ళి మా కోసం వచ్చినవ్. ముందుగాల రొట్టె తిను" అన్నాడు.

అక్క కంచం తెచ్చి నా ముందు పెట్టింది. నేను చెప్పొచ్చు అప్పుడు. చెప్పడానికి రెండు మాటలు చాలు. అక్క వైపు చూశాను. వద్దన్నట్టు కళ్ళతోనే అంది. అది చాలింది నాకు. నిజానికి అలాంటిదేదో దొరుకుతుందనే చూశాను. రొట్టె తుంచుకుని తిన్నాను. కందిపప్పు కమ్మగా ఉంది. ఆ సంగతి కూడా దాచను.

రెండు రోజులున్నాను. ఆ రెండు రోజులూ బావ నాతో మాట్లాడినంత బాగా అక్కతో మాట్లాడలేదు. బండి తిరుగు దారిలో మళ్ళీ ఉడకలేదు. ఎండలో కూడా హైదరాబాదు దాకా లక్షణంగా నడిచింది. మొన్న అక్క ఉత్తరం రాసింది. పిల్లలు ఇప్పుడు పాతిక దాకా ఉన్నాయట. తను వేరేవాళ్ళ పాలిష్ షెడ్డులో బండలు కడిగే పనికి వెళ్తోందట. బావ పొడి తిన్న చోటికే. మీ బావ ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు, అయినా నువ్వు మనసులో పెట్టుకోకు అని చివర రాసింది.

ఎదురుగా నిలబడి చెప్పలేనిది అచ్చులోనైనా చెబుదామని ఇదంతా రాశాను. అచ్చయితే ఒక ప్రతి తాండూరు పంపిస్తాను. అయితే బావ చిన్నప్పుడు ఉర్దూ బడిలో చదువుకున్నవాడు. తెలుగు చదవలేడు. ఉత్తరమైనా పత్రికైనా ఇంటికి వస్తే, పక్కన కూర్చుని చదివి వినిపించేది మా అక్కే.